అమ్మ పీట, నాలుగు బేరింగులు, ఖాజా మలుపు

మా చిన్నప్పుడు... మస్కట్‌లోని దార్సైట్‌లో శుక్రవారం సెలవు. మధ్యాహ్నం నమాజు అయ్యాక మా ఫ్లాట్ల వెనక ఆఫీసు పార్కింగు ఖాళీగా ఉండేది. పైనుంచి కిందికి నున్నటి వాలు... చివర గోడ.

ఆ వాలు సలీం జట్టుది. సలీం ఒమానీ కుర్రాడు, మాకంటే రెండేళ్ళు పెద్ద. అతనితో ఇంకో నలుగురు. అందరికీ దుకాణంలో కొన్న స్కేట్‌బోర్డులు. జట్టులో చేరాలంటే షరతు ఒకటే... నిలబడి కిందికి రావాలి, గోడ దగ్గర మలుపు తిరగాలి, కాలు నేలకు ఆనకూడదు.

కింది ఫ్లాట్‌లో కడప నుంచి వచ్చిన ఖాజా ఉండేవాడు. ఆ జట్టులో చేరాలని వాడికి ఎంత ఆశో... నోటుపుస్తకం అట్టల మీద కూడా చక్రాల బొమ్మలే.

మా దగ్గర బోర్డు లేదు. అల్ హైల్‌లో వాళ్ళ నాన్న పనిచేసే వర్క్‌షాపు నుంచి ఖాజా అరిగిన బేరింగులు తెచ్చాడు. కిరసనాయిల్లో కడిగాం. చెక్క నేనిచ్చాను... అమ్మ కాకినాడ నుంచి తెచ్చుకున్న భోజనాల పీట. అడుగున రెండు అడ్డకర్రలు ఉంటాయి కదా, వాటికి ఇనుప కడ్డీలు బిగించి బేరింగులు తొడిగాం. మన ఊళ్ళలో బేరింగు బండి చేసినట్టే. కానీ అది కూర్చుని కాళ్ళతో తిప్పే బండి. నిలబడితే ఎటూ తిరగదని మాకు తట్టలేదు.

మొదటి శుక్రవారం గరగరా మోతతో వెళ్ళి ఖాజా నేరుగా గోడకు తగిలాడు.

"అరే ఖాజా, యే గాడీ హై యా రోడ్ రోలర్?" ఇది బండా, రోడ్ రోలరా అని సలీం పొట్ట పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను.

"నువ్వు గూడా నవ్వుతాండావేంరా? ఆ గోడ కాడ తిప్పకపోతే అడుగు!" అన్నాడు ఖాజా, మోచేయి ఊదుకుంటూ.

మూడు వారాలు అదే గోడ. ఇంట్లో అమ్మ "పీట ఏదిరా?" అంటే "ఖాజా వాళ్ళింట్లో ఉందమ్మా" అనేవాణ్ణి.

"ఏంట్రా, వాళ్ళింట్లో రోజూ విందులేనా?"

నాలుగో శుక్రవారం ఇదే ఆఖరిసారి అన్నాడు సలీం. ఖాజా పైనుంచి జారుతూ వచ్చాడు. గోడ రెండు బారల దూరంలో ఉండగా మడమతో పీట వెనక అంచు నొక్కాడు. ముందు బేరింగులు పైకి లేచాయి... నడుం తిప్పాడు. పీటా తిరిగింది. గోడ పక్కగా వెళ్ళి ఆగాడు. కాలు ఆనలేదు.

సలీం తన బోర్డు పక్కన పెట్టి, "ఫిర్ సే కర్, భాయ్" అన్నాడు. మళ్ళీ చెయ్యమని.

వాళ్ళ బోర్డులు కాస్త ఒరిగితే తిరిగేవి. అందుకే అలా చెయ్యాల్సిన అవసరం వాళ్ళకు రాలేదు. ఆ సాయంత్రం అయిదుగురూ వరసలో నిలబడి ఖాజా దగ్గర నేర్చుకున్నారు. దానికి "ఖాజా మలుపు" అని పేరు పెట్టాం. లోకంలో ఎక్కడెక్కడో ఖాళీ పార్కింగుల్లో, మాలాంటి పిల్లల గుంపులు దాన్ని ముందే కనిపెట్టాయని, ఈ ఆట అలాగే పెరిగిందని చాలా ఏళ్ళకు చదివి తెలుసుకున్నాను. అయినా నాకు అది ఖాజాదే.

ఇప్పటి పిల్లలకు మంచి బోర్డులు, హెల్మెట్లు, కట్టించి ఇచ్చిన వాలులు... ఏది నేర్చుకోవాలన్నా ఫోనులో ఉంది. మంచిదే. మాకు మాత్రం నేర్పే మనిషి ఎదురుగా ఉండాల్సి వచ్చేది...

మీ వీధిలో ఎవరి పేరు మీద ఏ విద్య ఉండేదో చెప్పండి... వినాలనుంది.