పక్కన ఉరికినోడు

వికారాబాద్ అనంతగిరి గుట్ట మీది టీబీ దవాఖానలో నేను నర్సుగా చేరింది పోలీసు యాక్షన్ అయిన కొన్నేళ్లకు. మాది ధారూర్ పక్క పల్లె. ఆ వార్డులో ఎంతోమంది వచ్చారు, పోయారు. ఒకాయన మాత్రం ఇప్పటికీ నన్ను విడిచిపోలేదు.

తాండూరు మనిషి, మిలిటరీలో పనిచేసినవాడు. తల్లిదండ్రులు లేరు. పై దేశంలో జరిగిన పెద్ద పోటీలలో మన దేశం తరఫున దూరపు పరుగు పరిగెత్తి వచ్చాడు. నేను చూసేనాటికి వరండా చివరిదాకా నడిస్తే ఆయాసపడేవాడు. మంచం చాలక పొడుగాటి కాళ్లు బయటికే ఉండేవి.

మధ్యాహ్నం రోగులంతా కదలకుండా పడుకోవాలి. గుట్ట మీద గాలి తప్ప చప్పుడుండేది కాదు. ఆయన తల కుడిపక్కకు తిప్పి ఏదో వింటుండేవాడు.

“ఏం వింటున్నవన్నా?” అని అడిగాను ఒకసారి.

“వాడు ఉరుకుతున్నడు సిస్టర్. ఊపిరి వినొస్తుంది.”

నుదురు ముట్టి చూశాను. జ్వరం లేదు.

తర్వాత కొద్దికొద్దిగా చెప్పాడు. వాడంటే అదే పటాలంలోని కొడంగల్ సిపాయి. ఇద్దరూ ఓడలో కలిసే పోయారు. ఒకటే గది, తాగే గ్లాసు కూడా ఒకటే. ఓడలోనే ఈయనకు దగ్గు మొదలైంది. ఒక పొద్దున రుమాల్లో నెత్తురు కనబడితే దాన్ని సముద్రంలోకి విసిరేశాడు. చెబితే పందెంలో ఉండనివ్వరని భయం. పందెంలో ఇద్దరూ పక్కపక్కనే పరిగెత్తారు. గెలవలేదు గానీ ఆగకుండా చివరిదాకా పోయారు. తిరిగొచ్చిన మరుసటేడు ఆ సిపాయి నెత్తురు కక్కుకుని చనిపోయాడు.

“నా రోగమే వానికి తాకింది. వాడు పోయిండు, నేను మిగిలిన,” అన్నాడు.

ఆ చలికాలం ఒక ముసలామె గుట్టెక్కి వచ్చింది. కొడంగల్ నుంచి వచ్చానంది. కన్నడం యాస కలిసిన మాట. చేతిలో గుడ్డలో కట్టిన జొన్నరొట్టెలు. ఆ సిపాయి తల్లి. ఈయన ఇక్కడున్నాడని పటాలం వాళ్లెవరో చెప్పారట.

“మా వానితోని ఉరికినోడివి నువ్వేనా కొడుకా?”

ఆయన లేవబోయి లేవలేకపోయాడు. నేను స్టూలు వేశాను.

“ఎట్ల ఉరికిండు వాడు?”

“మంచిగ ఉరికిండమ్మా. నన్ను గూడ గుంజుకపోయిండు.”

ఆమె చాలాసేపు కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తర్వాత రెండు చేతులూ జోడించింది.

“ఓడ ఎక్కకముందే వానికి దగ్గుండె. నెత్తురు గూడ చూసిన. ఎవ్వలకు చెప్పకని ఒట్టు వేయించుకున్నడు. నేను నోరు మూసుకున్న. వానిదే నీకు అంటింది. మమ్మల్ని మాఫ్ చెయ్యి.”

“కాదమ్మా. నాదే...” అని ఓడలో సంగతంతా చెప్పాడు.

ఆమె నమ్మలేదు. ఈయనా ఆమె మాట ఒప్పుకోలేదు. చివరికి ఆమె రొట్టెల మూట విప్పి ఆయన ముందు పెట్టింది. సాయంత్రం డాక్టరు గారిని అడిగాను, ఎవరిది ఎవరికి తాకి ఉంటుందని.

“ఇప్పుడెవరు చెప్పగలరమ్మా,” అన్నారు.

సూదిమందు పనిచేసింది. డిశ్చార్జి అయ్యాక ఆయన తాండూరు పోలేదు. కొడంగల్ పోయి ఆమె చేను చూసుకుంటూ ఆమె దగ్గరే ఉండిపోయాడు.

పంతొమ్మిది వందల అరవైలలో, కంది కోతల కాలంలో, ఆ దారిన పోతూ వాళ్లింట్లో ఆగాను. ఆయన చేను కాడ ఉన్నాడు. ఆమె రొట్టె పెట్టి నా ఎదురుగా కూర్చుంది.

“మంచిగనే చూసుకుంటడు బిడ్డా,” అంది. “గని పొలమారి దగ్గిండనుకో, ఇద్దరం తినుడు ఆపుతం. నేను వాని మొఖం చూడ, వాడు నా మొఖం చూడడు. ఇగ ఆ పూట అన్నం దిగదు.”