సముద్రం వైపు తెర

మా ఆయన ఆ రోజు పొద్దున్న మంచం దిగనన్నాడు. రోజు విడిచి రోజు పలాస పోవడం, చేతికి సూదులు పొడిపించుకోవడం, పూటంతా ఆ యంత్రం పక్కన పడి ఉండడం ఇంక తన వల్ల కాదన్నాడు. ఆ మాట అనడం మొదటిసారేం కాదు. మా ఉద్దానంలో డయాలసిస్‌కి వెళ్లే ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు ఆ మాట అంటాడు, తిట్టుకుంటూనే ఆటో ఎక్కుతాడు. కానీ ఈసారి ఆయన గొంతులో తిట్టు లేదు. అందుకే నాకు భయం వేసింది. పెళ్లయినప్పటి నుంచీ నేను ఆయన కోపంతోనే కాపురం చేశాను. కోపం లేని మా ఆయనతో ఎలా మాట్లాడాలో నాకు తెలియదు.

“వొగ్గేయే. నీకు అంతా సెప్పీసినాను గదా. ఇంక నువ్వే సేసుకోగలవు” అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆయన చెప్పేసింది తెరల పని గురించి. ఏటా సంతబొమ్మాళి దగ్గర సముద్రపొడ్డు ఊళ్లో మా బాప్టిస్టు సంఘాల సభలు మూడు రోజులు జరుగుతాయి. వేదికకి అటొకటి ఇటొకటి పెద్ద తెరలు కట్టి, కంప్యూటర్లోంచి పాటలు వేసేది మా ఆయనే. అందరిలాగా రెండు తెరల మీదా ఒకే బొమ్మ వేయడు. పాటలో ఒక్కో పాదం ఎడమ తెర మీద మొదలవుతుంది, కుడి తెర మీద పూర్తవుతుంది. ఒక్క తెరలో ఇరికిస్తే అక్షరాలు చిన్నవైపోతాయి, చూపు ఆనని ముసలమ్మలు చదవలేరు, అందుకని ఆయన పెట్టుకున్న పద్ధతి అది. కంచిలి నుంచి టెక్కలి దాకా ఇలా వేసేవాడు ఇంకొకడు లేడని ఆయనకి గొప్ప. నాకూ గొప్పే, పైకి అనను గాని.

ఆరోగ్యం పాడయ్యాక ఆ పని నాకు నేర్పడం మొదలుపెట్టాడు. మొదట్లో సరదాగానే నేర్చుకున్నాను. ఒకరోజు కేబుళ్లు చుట్టబెడుతూ, “నీకు అప్పజెప్పీసినానంటే ఇంక నాకు బెంగ నేదు” అన్నాడు. ఆ మనిషి నాకు పని నేర్పడం లేదు, సర్దుకుంటున్నాడు. ఆ రోజు నుంచి నేను నేర్చుకోవడం మానేశాను. చెప్పింది చెప్పినట్టు మర్చిపోయాను. ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదేమిటే మొద్దూ అని తిట్టేవాడు, తిట్టినంతసేపూ నాకు ప్రాణం హాయిగా ఉండేది.

ఆ పొద్దున్న కూడా అదే పట్టుకున్నాను. “నాకు ఏటీ గుర్తు నేదు మావా. సాయంత్రం ఫోన్లో నువ్వు సెప్పకపోతే నలుగురిలో నవ్వులపాలవుతాను. ఇంట్లో పడుకుంటే ఫోన్ అందదు. పలాస ఆస్పత్రిలో అయితే బాగా అందుతాది” అన్నాను.

ఇటు తిరిగి నా మొహం చూశాడు. తర్వాత లేచి చొక్కా వేసుకున్నాడు. మధ్యాహ్నం షిఫ్టు వేళకి ఆయన తమ్ముడు ఆటోలో పలాస తీసుకెళ్లాడు. నేను కానీ, పిల్లలు కానీ, ఆ దేవుడు కానీ చేయలేని పని ఆ రెండు గుడ్డ తెరలు చేశాయి. ఈ మాట రాయడానికి నాకు ఒళ్లు మండుతుంది. కానీ జరిగింది అదే.

మధ్యాహ్నం సామానుతో సభల పందిరికి చేరాను. ఏటా వేదిక బడి గోడ వైపు ఉంటుంది. ఈసారి తుపానుకి కూలిన కొబ్బరిచెట్లు ఆ వైపే అడ్డంగా పడి ఉన్నాయని వేదికని ఎదురు చివరికి మార్చారు. దాంతో నేను కంప్యూటర్నీ, ప్రొజెక్టర్లనీ పందిరి ఈ కొస నుంచి ఆ కొసకి ఈడ్చుకుపోవాల్సి వచ్చింది. సాయం పట్టినవాళ్లు సాయం కన్నా సలహాలే ఎక్కువ ఇచ్చారు. కేబుళ్లకి మా ఆయన తెల్ల టేపు చుట్టి, ఒకదాని మీద ‘సముద్రం’ అనీ, రెండోదాని మీద ‘రోడ్డు’ అనీ రాసి పెట్టాడు. మా వైపు ఎవరూ కుడి ఎడమలు చెప్పుకోరు. పొలంలో గట్టయినా, ఇంట్లో మంచమయినా సముద్రం వైపా, రోడ్డు వైపా అనే అడుగుతారు. నేను సముద్రం కేబుల్ సముద్రం వైపు తెరకీ, రోడ్డు కేబుల్ రోడ్డు వైపు తెరకీ తగిలించి కంప్యూటర్ వేశాను.

రెండు తెరల మీదా ఒకే బొమ్మ వచ్చింది. పలాసకి ఫోన్ చేశాను. వెనకాల యంత్రాల కూతలు వినిపిస్తున్నాయి.

“డిస్‌ప్లే సెట్టింగ్‌లోకి ఎల్లు. డూప్లికేట్ అని ఉంటాది, దాన్ని ఎక్స్‌టెండ్ సెయ్యి, అప్పుడు దేని బొమ్మ దానికే వత్తాది. ఇది కూడా గుర్తు నేదేటే” అన్నాడు.

“నేదు.”

“నీ బుర్రలో ఏటున్నాదే.”

ఆ గొంతులో పాత కోపం తొంగిచూసింది. చెప్పినట్టు చేశాను. కంప్యూటర్ మీద మూడు డబ్బాలు వచ్చాయి. ఒకటి నా ముందున్న చిన్న తెర, మిగతా రెండూ పెద్ద తెరలు. “సముద్రం డబ్బాని పట్టుకుని కుడి పక్కకి లాగు. రోడ్డు డబ్బా ఎడం పక్క ఉండాల. పాట ఆ రెండింటి మీదకీ సాగదియ్యి” అన్నాడు. లాగాను, సాగదీశాను.

పాట వచ్చింది. తారుమారుగా వచ్చింది. పాదం మొదటి సగం కుడి వైపు తెర మీద, రెండో సగం ఎడమ వైపు తెర మీద. చదివితే అర్థం లేదు.

“కేబుళ్లు మార్చి గుచ్చీసినావు” అన్నాడు. ప్రొజెక్టర్ల దగ్గరికి వెళ్లి చూసి వచ్చాను. సముద్రం టేపు సముద్రం వైపే ఉంది. “అయితే సముద్రం డబ్బా కుడి పక్క నేదు.” ఉంది మావా, కళ్లెదురుగా ఉంది. “ఆపీసి మళ్లీ వెయ్యి.” ఆపి వేశాను. అదే గోల. మళ్లీ డబ్బాలు పెట్టించాడు, మళ్లీ అదే. జనం చాపలు పట్టుకుని వచ్చి కూర్చుంటున్నారు. ముందు వరసలో ముసలమ్మలు తెరల వైపు చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సంఘ పెద్ద రెండుసార్లు నా వెనక నుంచుని దగ్గి వెళ్లాడు. నాకు తల ప్రాణం తోకకి వచ్చింది. నేర్చుకోవడం మానేసినందుకు అప్పుడు మాత్రం నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది. ఏమీ తెలియనట్టు నటిస్తూ నటిస్తూ నిజంగానే ఏమీ తెలియని దాన్నయిపోయాను.

“పెద్దాయన వచ్చినారు మావా. బేగి సెప్పు, ఏ గంగలో దూకమంటావు” అన్నాను.

“అలా కావడానికి నేదే. ఏదో ఉన్నాది. నా కళ్లతో సూడాల” అన్నాడు. ఆ మాట సగంలోనే ఆయన గొంతు సన్నబడింది. “ఓలే, కళ్లు తిరగతన్నాయి” అన్నాడు. తర్వాత ఎవరో నర్సమ్మ ఫోన్ తీసుకుంది. “ఆయనకి బీపీ పడిపోయిందమ్మా. తరవాత మాట్లాడండి” అని పెట్టేసింది.

నేను ఫోన్ పట్టుకుని అలాగే కూర్చున్నాను. పలాసకి పరిగెత్తాలా, ఇక్కడే కూర్చోవాలా. పరిగెత్తినా చేరేసరికి ఏ సంగతో తేలిపోతుంది. ఏసయ్యా, ఆ మనిషిని నాకు వదిలెయ్ అని మాత్రం అనుకున్నాను. తెరల గురించి ప్రార్థన చేయడానికి నోరు రాలేదు.

సముద్రం గాలి తగిలి కొంగు ఎడమ భుజం మీంచి ఎగిరి మొహాన పడింది. విసుగ్గా తీసేశాను, మళ్లీ పడింది. ఏటా ఆయన పక్కన కూర్చుంటే ఆ గాలి నా కుడి చెవిలో కొట్టేది. ఇప్పుడు ఎడమ చెవిలో కొడుతోంది. అప్పుడు తెలిసింది. వేదికని తిప్పేశారు కదా, మేమూ తిరిగి కూర్చున్నాం. సముద్రం మాకు ఎడమ పక్కకి వచ్చింది. ఆయన మంచం మీద పడుకుని పాత పందిరినే చూస్తున్నాడు. ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు, ఆయన లేకుండా పందిరి తిరిగిపోయింది, అంతే.

ఆయన మాట కాదని ఆ కంప్యూటర్లో నేనెప్పుడూ ఏదీ ముట్టుకోలేదు. సముద్రం డబ్బాని ఎడమ పక్కకి లాగాను. పాదం ఎడమ తెర మీద మొదలై కుడి తెర మీద పూర్తయింది. సంఘ పెద్ద చేయి ఎత్తాడు, డోలక్ మొదలైంది, పందిరంతా పాట అందుకుంది. ముందు వరసలో ఒక ముసలమ్మ పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుని, తల ఎడమ నుంచి కుడికి తిప్పుకుంటూ గొంతెత్తి పాడుతోంది. ఆవిడని చూస్తే నాకు ఏడుపొచ్చింది. సంతోషంతో వచ్చింది కాదు. ఆయనకి పడిపోయిన బీపీ మళ్లీ పైకొచ్చిందో లేదో నాకు తెలియదు.

రెండో పాట సగంలో ఉండగా ఫోన్ మోగింది. పందిరి వెనక్కి, జీడిచెట్ల కిందికి పరిగెత్తాను. ఆయనే.

“ఎలాగున్నాది మావా?”

“సెలైన్ ఎట్టినారు. బాగున్నాను. వచ్చిందా?”

నోటి దాకా వచ్చింది, వచ్చిందని చెప్పడానికి. నేనే చేశాను, చూడు, నీ పెళ్లాం మొద్దు కాదు అని చెప్పుకోవాలని కూడా ఉంది.

“వచ్చిందంటే సెప్పీ. ఇంక నాకు బెంగ నేదు” అన్నాడు.

మళ్లీ ఆ మాటే. కేబుళ్లు చుట్టబెట్టిన రోజు అన్న మాటే.

“రానేదు” అన్నాను.

“పాట వినిపిత్తంది గదా.”

“పుస్తకాలు సూసి పాడతన్నారు.”

“ముసలోళ్లకి పుస్తకం అవుపడదు గదే” అన్నాడు.

“అవుపడదు. నాను ఏటి సెయ్యను? నాకు తెల్దు. నువ్వు సూడాల అన్నావు గదా, నువ్వే వచ్చి సూడు.”

“దేన్నీ ముట్టుకోకు” అన్నాడు. గొంతు పెంచి అన్నాడు. “ఇయ్యాల రానేను, రేపు నీరసం ఉంటాది. ఎల్లుండి పొద్దున్న షిఫ్టులో ఎయ్యమని నర్సమ్మకి ఇప్పుడే సెప్తాను. అది అయ్యాక అట్నుంచి అటే పందిరికి వచ్చీత్తాను. ఆటోకి నువ్వు సెప్పు. లేటయితే ఊరుకోను.”

రోగం వచ్చినప్పటి నుంచీ ఆయన ఆస్పత్రికి ఆటో మాట్లాడమని తనంతట తాను అడగడం అదే మొదలు. సరే అన్నాను. ఫోన్ పెట్టేశాక చెట్టు మొదట్లో కూర్చుని కడుపారా ఏడ్చాను.

సంఘంవాళ్లో, సభలకి వచ్చిన చుట్టాలో రేపు ఇంటికొచ్చి, తెరలు బ్రహ్మాండంగా వచ్చాయని ఆయనకి చెప్తే? ఆ భయం పట్టుకుంది. మొహం తుడుచుకుని లోపలికి వెళ్లాను. రెండో పాట పూర్తయ్యే దాకా ఆగాను. తర్వాత సముద్రం డబ్బాని పట్టుకుని మళ్లీ కుడి పక్కకి లాగాను.

మూడో పాట మొదటి పాదానికే గొంతులు తడబడ్డాయి. ముందు వరసలో ముసలమ్మ ఎడమకి చూసింది, కుడికి చూసింది, ఒళ్లో పుస్తకం తెరిచి కళ్ల దగ్గర పెట్టుకుంది, మూసేసింది. సంఘ పెద్ద వేదిక దిగి నా దగ్గరికి వచ్చాడు.

“ఇప్పటిదాకా బాగానే ఉన్నాది గదమ్మా. ఏటయింది?”

“పాడైపోయిందండీ” అన్నాను. “మా ఆయనే వచ్చి సూడాల.”