బ్రాడీపేట మెట్ల మీద జపనీస్

పొదిలిలో ఉండి జపనీస్ ఎందుకే అని మా వీధిలో అడగనివాళ్లు లేరు. ఆ భాష వస్తే ఇంటర్వ్యూకి పిలుస్తామని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ చెప్పింది, అందుకు. క్లాసు గుంటూరు బ్రాడీపేటలో, ఆదివారాలు. తెల్లవారుజామున ఐదింటి బస్సెక్కితే దర్శి, అద్దంకి, నరసరావుపేట మీదుగా పదిలోపు చేరతాం. దర్శిలో నా స్నేహితురాలు కరుణ ఎక్కుతుంది. ఆమె చదువంతా తెలుగు మీడియమే. నిన్న క్లాసులో పెట్టే పరీక్ష తప్పితే ఇంటర్వ్యూకి ఆమె పేరు పంపనని మాస్టారు ముందే తేల్చేశారు. నిన్న దారంతా పిల్ల నోట్సు తిరగేస్తూనే ఉంది.

గుంటూరు చేరేసరికి మిర్చి ఘాటుకి బస్సంతా దగ్గుతోంది. బస్టాండు నుంచి షేర్ ఆటోకి మనిషికి ఐదు రూపాయలు. "ఆదివారం కూడా క్లాసులేందమ్మా?" అన్నాడు డ్రైవరు. "మా కర్మండీ" అన్నాను.

నిన్నటి పాఠం 'నుంచి', 'కి', 'లో' లాంటి చిన్న మాటల గురించి. మాస్టారు ముందు ఇంగ్లీషు వాక్యం రాయిస్తారు. దాన్ని ముక్కలు చేసి, బాణాలు గీసి, వెనక నుంచి ముందుకి తిరగేయిస్తారు. కరుణకి ఆ ఇంగ్లీషే కొరుకుడుపడదు. "ఏందే ఇది, తలా తోకా లేకుండా?" అంది నా చెవిలో. నేను తెలుగులో చెప్పబోయాను.

"నో తెలుగు! బోత్ ఆఫ్ యూ, అవుట్!" అని అరిచారాయన. పరీక్షకి అరగంటే ఉంది.

నాకు ఒళ్లు మండిపోయింది. మెట్ల మీద కూర్చుని, "పొద్దున ఎట్టా వచ్చావో చెప్పవే" అన్నాను.

"దర్శి నుంచి గుంటూరుకి బస్సులో వచ్చా."

ఒక్కో మాట కింద జపనీస్ పెట్టాను. దర్శి కారా, గుంటూరు ని, బసు దె, కిమాషిత.

"అదే వరసగా! మరి ఆ బాణాలెందుకే?"

నా కోపమూ అదే. ముక్కెక్కడంటే తల చుట్టూ తిప్పి చూపించడం! అన్నీ ఇంత సులువు కాదు. ఇంట్లో ఉన్నా అంటే 'ని', ఇంట్లో తిన్నా అంటే 'దె'. మనకి రెండూ 'లో'నే. కర్త పక్కన వచ్చే 'వా', 'గా'ల తేడా దగ్గర నేనూ తడబడ్డాను. అయినా కరుణ తన భాషలో ప్రశ్న మీద ప్రశ్న అడిగింది. ఇన్ని వారాల్లో అడగడం అదే మొదలు.

అరగంటకి పరీక్ష రాయడానికి లోపలికి పిలిచారు. కరుణ ఒక్కటీ తప్పలేదు. "హూ టాట్ యూ?" అన్నారు మాస్టారు.

"బయట మెట్ల మీద, తెలుగులో నేర్చుకున్నానండీ" అంది.

ఆయన మొహం ఎర్రబడింది. మార్కులు కొట్టెయ్యలేక మా ఇద్దరికీ మళ్లీ తలుపు చూపించారు. ఈసారి వెనక బెంచీ మొత్తం మా వెంటే లేచొచ్చింది. "మాకూ చెప్పక్కా" అంటూ మెట్ల మీద సర్దుకున్నారు.

కరుణ పేరు ఇక పంపక తప్పదు. అయినా ఇవాళ ఇంటర్నెట్ సెంటర్లో ఇది టైపు చేస్తుంటే నా కోపం తగ్గలేదు. ఇన్నాళ్లూ ఆ పిల్ల తనకి బుర్ర లేదనుకుని ఏడ్చింది. బుర్రలో ఉన్న భాషని చెప్పులతో పాటు గుమ్మం బయట విడిచి రమ్మన్నది వీళ్లు. మీరూ ఇలాంటి క్లాసులో చేరేట్టయితే, ఫీజు కట్టకముందే తెలుగులో డౌటు అడగనిస్తారా అని కనుక్కోండి. కుదరదంటే లోపలికి పోకండి, మెట్ల మీద చోటుంది.