మురళన్న ఇంట్లో సీలు వేసిన రోబో

“మింగేసిందేమో అక్కా.”

నేనా మాట అనేసరికి సరితక్క చేతికి సర్వపిండి ఇంకా అంటుకునే ఉంది. సోఫా మీద చిరిగిన అట్టడబ్బా. పక్కన ఎర్రటి రోబో. దాని ఛాతీ మీద మూత తెరుచుకుని ఉంది. మూత వెనక రూపాయి బిళ్ళ కన్నా చిన్న గుంట, అందులో ఉండాల్సిన గుండ్రటి బ్యాటరీ లేదు. రెండున్నరేళ్ళ మా సిరి ఆ రోబో కాలు చప్పరిస్తూ కూర్చుంది.

అలాంటి బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే తడికి కరెంటు పారుతుంది. ఆనుకున్న చోట క్షారం పుట్టి లోపలి పొర కాలిపోతుంది. అందుకు రెండు గంటలు చాలు. కెమిస్ట్రీ చదివినదాన్ని కాబట్టి నాకు ఇలాంటివన్నీ తెలుసు, తెలియకపోతే బాగుండేదని చాలాసార్లు అనుకుంటాను.

ఆ ఇల్లు మురళీధర్ గారిది. మాకు మురళన్న, సరితక్క ఆయన భార్య. నాచారంలో వాళ్ళింటి పై వాటాలో మేం అద్దెకుంటాం. వాళ్ళది తరాలుగా ఈ ఊరే. జొన్న వేసిన చేలు ఫ్యాక్టరీలకు పోయాక వాళ్ళ నాన్న ఆగయ్య అవే ఫ్యాక్టరీల్లో ఒకదాని గేటు దగ్గర కాపలా కాశాడు. మురళన్నకు ఉప్పల్ మెట్రో స్టేషన్ వెనక చిన్న కొరియర్ ఆఫీసు ఉంది. యాభైకి దగ్గరపడుతున్న ఈ మనిషికి బొమ్మలంటే పిచ్చి. పిల్లలు లేరు కదా, అందుకే అని వీధిలో అంటారు. ఆయన మాత్రం తన చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పేవాడు.

“మా పక్కింటాయన దుబాయ్ నుంచి రోబో తెచ్చిండు చెల్లే. ఫైరింజనై పోతది, మళ్ళ మనిషైతది. తెచ్చి షోకేసుల పెట్టి తాళమేసిండు. వాళ్ళ పోరగాళ్ళను గూడ ముట్టనియ్యలే. అద్దం మీద మా ముక్కుల మరకలే ఉంటుండె.”

ఆ రోబో కోసమే ఆయన ఇన్నేళ్ళు వెతికాడు. అలా వెతుకుతూ పాత బొమ్మలు సేకరించే ఈ కలెక్టర్ల గుంపులో పడ్డాడు. నెలకోసారి ఆదివారం పొద్దున వాళ్ళంతా ఆయన ముందుగదిలో చేరేవారు. అందరూ నలభై దాటిన మగవాళ్ళే. తెల్ల గ్లౌజులు తొడుక్కుని, డబ్బా మూలలు నలిగాయా అని టార్చి వేసి చూసుకునేవారు. ఒకాయన తెచ్చిన పాత రబ్బరు బొమ్మకు చెమట పట్టినట్టు నూనె ఊరేది. మెత్తదనం కోసం ప్లాస్టిక్‌లో కలిపిన నూనె ఏళ్ళు గడిచాక అలా బయటికి వస్తుంది. తియ్యగా కుళ్ళిన వాసన. ఆయన దాన్ని ముక్కుకు ఆనించుకుని, “పాత వాసనే వేరబ్బా” అని కళ్ళు మూసుకునేవాడు. నేను లేచి కిటికీ తెరిచేదాన్ని. వాళ్ళు వెళ్ళాక సరితక్క సోఫా చేతులు సబ్బునీళ్ళతో తుడిచేది, అయినా ఆ జిగురు పూర్తిగా పోయేది కాదు.

ఆ ఆదివారం గొడవంతా కొత్త బొమ్మల మీద. వాళ్ళు కొనే రోబోల కంపెనీ చిన్నపిల్లల కోసమని కొత్త వరస విడుదల చేసింది. లావు కాళ్ళు, గుండ్రటి అంచులు, ఒక్క తిప్పుకే బండి అయిపోయే రకం.

“ఇది రోబోనా, సబ్బు డబ్బానా?” అన్నాడు హృషికేశ్. ఘట్‌కేసర్ వైపు ఒక కాలేజీలో పాఠాలు చెప్తాడు. గుంపులో అందరికన్నా గొంతు పెద్దది.

“పిల్లలకు జేసిన్రు గదా అన్నా” అన్నాడు మురళన్న.

“అదే కదా దరిద్రం. మనలాంటోళ్ళను వదిలేసి చీమిడి ముక్కుల వెంట పడ్డరు. ఈ వీపు సూడు, బ్యాటరీ మూతకు స్క్రూ. ఎంత అసహ్యంగున్నది.”

ఆ స్క్రూ ఎందుకో నాకు తెలుసు, పిల్లల వేళ్ళు బ్యాటరీ దాకా పోకుండా. బొమ్మల గురించి ఇంత మాట్లాడే గదిలో పిల్లలనే మాట తిట్టులా వినిపించింది. సిరిని ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మురళన్న వెతుకుతున్న రోబోను హృషికేశ్ ఆ రోజే ఆయనకు అమ్మడానికి పట్టుకొచ్చాడు, సీలు తీయని డబ్బాలో. “ఫ్యాక్టరీలో వేసిన బ్యాటరీ గూడ కదల్లేదు” అని అతను గుంపంతటికీ చెప్పడం వంటింట్లోకి వినబడింది. కాసేపటికి అందరూ కొత్త బొమ్మను ఎండలో ఫోటో తీసి వెక్కిరించడానికి వరండాలోకి వెళ్ళారు. డబ్బా సోఫా మీదే ఉండిపోయింది. సిరి మెల్లగా ముందుగదిలోకి జారుకుంది, నేను చూడలేదు.

నా కేక విని వాళ్ళు లోపలికి వచ్చారు. “అయ్యో, సీలు పోయింది” అన్నది మొదట వినబడిన మాట. ఎవరన్నారో చూడలేదు.

మురళన్న అప్పటికే స్కూటర్ తాళం తీసుకున్నాడు. “ఎక్కు చెల్లే. సరితా, నువ్వు ఇల్లంత వెతుకు, దొరికితే ఫోన్ జెయ్యి.”

దారంతా సిరి గొంతు దగ్గర వేలు పెట్టి కూర్చున్నాను. ఎందుకలా పెట్టానో నాకే తెలియదు. అది మాత్రం హాయిగా బస్సులు లెక్కపెడుతోంది. మొదటి ఆసుపత్రిలో ఎక్స్‌రే పని చేయడం లేదన్నారు. రెండోచోటికి వెళ్ళి, సిరిని కదలకుండా బల్ల మీద అదిమి పట్టుకున్నాం. అప్పుడు ఏడ్చింది. “బ్యాటరీ కనిపిస్తే వెంటనే మత్తిచ్చి గొట్టం వేసి తీయాలి” అన్నాడు డాక్టర్. నేను సంతకం పెట్టడానికి పెన్ను అడుగుతుండగా మురళన్న ఫోను మోగింది. ఆయన విన్నాడు. ఫోను నాకిచ్చాడు.

సరితక్క. “లేదంట చెల్లే. దాంట్ల బ్యాటరీనే లేదంట.”

మేం వెళ్ళాక జరిగింది ఆమె చెప్పింది. తను చీపురు పట్టుకుని సోఫా కింద, టీవీ వెనక, చెప్పుల స్టాండు కింద వెతుకుతోందట. మిగతావాళ్ళు కూడా మోకాళ్ళ మీద పాకుతున్నారట. హృషికేశ్ ఒక్కడే కుర్చీలో కూర్చుని డబ్బా చిరుగును అతికించి చూసుకుంటున్నాడు.

“అన్నా, మీరు గూడ జర వెతకున్రి” అంది సరితక్క.

“అది దొరకదమ్మా.”

“గట్లెట్ల జెప్తరు?”

అప్పుడు నోరు విప్పాడు. బ్యాటరీ కారి రంగు పాడవుతుందని రెండేళ్ళ కింద తనే డబ్బా తెరిచి తీసేశాడట. మళ్ళీ పాత టేపులాంటిది తెచ్చి అంటించాడు. అందరి ముందు ఒప్పుకుంటే అది సీలు తీయని డబ్బా కాదని తేలిపోతుంది, ధర పడిపోతుంది. ఎక్స్‌రేలో ఏమీ లేదని తేలితే పిల్ల ఎట్లాగూ ఇంటికొస్తుంది కదా అనుకున్నాడట.

అయినా ఎక్స్‌రే పూర్తి చేయించాను. ఆ మనిషి మాట నమ్మి తిరిగి వెళ్ళే ధైర్యం నాకు లేదు. గొంతు, ఛాతీ, కడుపు, అంతా శుభ్రంగా ఉంది. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని సిరికి నీళ్ళు తాగించాను.

మేం వచ్చేసరికి హృషికేశ్ ఇంకా అక్కడే ఉన్నాడు. పిల్ల ఎలా ఉందని అడగలేదు. “మురళీ, జరిగిందేదో జరిగింది. డబ్బా చిరిగింది కాబట్టి నీకు తగ్గించి ఇస్తలే” అన్నాడు.

అప్పుడు మురళన్న ముఖం చూశాను. చిన్నప్పుడు అద్దం అవతల నుంచి చూసిన బొమ్మ ఆయన చేతికి అందేంత దూరంలో ఉంది. ఆయన దాన్ని తీసి, దాని కాలికంటిన సిరి ఎంగిలి తన లుంగీ అంచుతో తుడిచి, డబ్బాలో పెట్టి హృషికేశ్ ఒళ్ళో వేశాడు.

“తీస్కపో. మళ్ళ నా గడప తొక్కకు.”

“పిచ్చా నీకు? ఇసుంటి పీసు మళ్ళ దొరకదు.”

“దొరకకున్న మంచిదే. బిడ్డను దవాఖానాకు ఉరికిస్తుంటె కుర్చీల కూసున్నవు సూడు, దాన్ని జూస్తె నాకు అన్నం గూడ తినబుద్ధైతలేదు. లే.”

అతను లేచాడు. వెనకే మిగతావాళ్ళూ ఒక్కొక్కరే గ్లౌజులు తీసి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆ ఇంట్లో మీటింగ్ జరగలేదు.

ఆ సాయంత్రం మురళన్న పైకి వచ్చాడు. వాళ్ళు వెక్కిరించి వదిలేసిన కొత్త బొమ్మ చేతిలో ఉంది. నాకు దాన్ని చూస్తే కూడా అసహ్యం వేసింది, మెరుపు కాగితాలు, చెవులు చిల్లులు పడే సైరను. ఆయన సిరికి ఇవ్వలేదు. మెట్ల పైనుంచి కిందికి విసిరాడు. వెళ్ళి తెచ్చి, చేతులు పట్టి గుంజాడు. స్క్రూ గోటితో తిరుగుతుందేమో చూశాడు. వాసన చూశాడు. మా గడపలో కూర్చుని దీపాల వేళ దాకా దాన్ని బండి చేస్తూ, మనిషి చేస్తూ ఆడాడు. సిరి ఎదురుగా కూర్చుని తన వంతు కోసం ఏడ్చి, ఊరుకుని, మళ్ళీ ఏడ్చింది.

మొన్న ఏఎస్ రావు నగర్‌లో బొమ్మల షాపులో ఒక బాతు బొమ్మను కౌంటరు మీదే డబ్బాలోంచి తీసి గుంజాను. ముక్కు ఊడి నా చేతికొచ్చింది. కొనకుండానే తెరుస్తారేంటండీ అని షాపాయన విసుక్కున్నాడు. ఆయనతో వాదించలేదు, ముక్కు కౌంటరు మీద పెట్టి వచ్చేశాను. రోబో గొడవ జరిగిన సాయంత్రం మా గడపలో కూర్చుని మురళన్న చెప్పినట్టే ఇప్పటికీ చేస్తున్నాను.

“పాతదైనా కొత్తదైనా డబ్బా మీది రాత నమ్మకు చెల్లే, అమ్మెటోని మాట అసలే నమ్మకు. ముందుగాల ఇప్పు. గుంజు, కింద పడెయ్యి, ఒక పూటంత నువ్వే ఆడు. బిడ్డ ఏడిస్తె ఏడ్వనియ్యి. ఇరగకుంటెనే ఇయ్యి.”