బుడగ నడుమనున్నా వంకరే

లోకంలో ఏదీ సమంగా లేదన్నది దేవన్న అనుమానం. ఆ అనుమానం మనకూ ఉంటుంది గానీ, మనం నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకుంటాం. దేవన్న రసమట్టం పెట్టి చూస్తాడు.

రసమట్టం అంటే మూరెడు బద్ద. దాని మధ్యలో గాజుగొట్టం, గొట్టంలో ఓ గాలిబుడగ. బుడగ రెండు గీతల నడుమ నిలిస్తే సమం, పక్కకు జరిగితే వంకర. గోడలు కట్టే సుతారి పనివాళ్లు దాన్ని గోడకు పెడతారు. దేవన్నా సుతారి మేస్త్రే, కాకపోతే ఆయన అన్నం బల్లకీ పెడతాడు. బహ్రెయిన్‌లోని ముహర్రక్‌లో విమానం దిగిన రోజునే కస్టమ్స్ వాడి బల్ల మీద పెట్టి, "నీ టేబుల్ వంకరున్నది సార్" అన్నాడని తుబ్లీ క్యాంపులో చెప్పుకుంటారు. అబద్ధమే అయ్యుండొచ్చు. కానీ దేవన్న కదా, అందరూ నమ్మారు.

"ఏందన్నా, పప్పుకు గూడ పెడ్తవా?" అని లింబాద్రి ఓసారి కసురుకున్నాడు.

"పప్పుకు ఏం గాలే. బల్లనే వంకరున్నది. అందుకే నూనెంత నీ దిక్కొచ్చింది. తిను."

లింబాద్రి మంచం పైన, దేవన్న మంచం కింద. అంటే రోజూ పొద్దున్నే లింబాద్రికి కనిపించే మొదటి దృశ్యం, మంచం పట్టె మీద రసమట్టం పెట్టుకుని, బుడగను దేవుణ్ణి చూసినట్టు చూస్తూ కూర్చున్న దేవన్న. బుడగను తృప్తిగా చూసుకున్నాకే ఆయన కాలు కింద పెట్టేవాడు. ఈలోపు బాత్రూం ముందు లైను మెయిన్ రోడ్డు దాకా పెరిగేది. గల్ఫుకు వచ్చి ఈ పిచ్చోడి నెత్తిన పడ్డానేమిట్రా దేవుడా అని లింబాద్రి పళ్లు నూరుకునేవాడు.

ఓ రోజు పొద్దున లింబాద్రి మంచంలో పక్కకు ఒత్తిగిల్లాడు. అంతే, రూమంతా గిర్రున తిరిగింది. కళ్లు మూసుకున్నా తిరిగింది. మంచం కడ్డీని కరుచుకుని ఎలాగో దిగి, బకెట్లో కక్కుకున్నాడు. కాసేపటికి అంతా సర్దుకుంది. హమ్మయ్య అని తల పైకెత్తాడు, మళ్లీ తిరిగింది.

"నిన్నటి పప్పు పడలే" అన్నాడు ఎవరూ అడక్కముందే.

దేవన్న లేచి లింబాద్రి మంచం మీద రసమట్టం పెట్టి చూశాడు. "నీ మంచం సమంగనే ఉన్నది" అని మాత్రం అన్నాడు.

లింబాద్రి చేసేది పరంజా ఎక్కి ప్లాస్టరింగు. తల తిరుగుతోందని నోరు జారితే ఆ కంపెనీలో వైద్యం ఒక్కటే, టికెట్టు. తోటి పనివాడు పరమేశ్‌కు అదే చేశారు. జ్వరంతో తూలాడని, జ్వరం తగ్గేలోపే విమానం ఎక్కించారు. ఊళ్లో భార్య వినోద కట్టిస్తున్న ఇంటికి ఇంకా కప్పు పడలేదు. ఇక్కడ ఊరందరి కప్పులకూ నున్నగా సిమెంటు పూసే మొగుడు, సొంత ఇంటికి ఆకాశం కప్పి వచ్చాడు. ఇక నోరెలా విప్పుతాడు?

ఆ సైటులో ఒక ఆనవాయితీ ఉంది. దేవన్న పరంజా కింది పలక మీద రసమట్టం పెట్టి "సమం" అంటేనే మనిషి పరంజా ఎక్కాలి. ఆయన మాట ఏనాడూ తప్పలేదు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఫోర్‌మన్ మునవ్వర్ ఇంజనీరు మాటైనా దాటేవాడు గానీ ఆ మాట దాటేవాడు కాదు.

ఆ రోజు దేవన్న లింబాద్రి ఎక్కాల్సిన పరంజా పలక మీద రసమట్టం పెట్టి, "వంకర!" అన్నాడు.

సరిచేశారు. "వంకర!" మళ్లీ సరిచేశారు. మళ్లీ అదే మాట. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పక్క పరంజాలన్నీ సమం, లింబాద్రిది మాత్రం వంకర. ఎత్తు పని పోయి కింద సిమెంటు కలపడం మిగిలింది. ఓవర్‌టైం గాలికి పోయింది. 

చివరికి ఆగలేక వెళ్లి పలక మీదికి తొంగిచూశాడు. బుడగ గీతల నడుమ బుద్ధిగా కూర్చుని ఉంది.

"మునవ్వర్ భాయ్, ఇటు రా! బుడగ నడుమల్నే ఉన్నది. ఈయన కావాలని నా నోటికాడి బువ్వ గుంజుకుంటున్నడు!"

మునవ్వర్ చూశాడు. ముఖం మాడిపోయింది. "క్యా దేవన్నా, ఇదేంది?"

సైటంతా చేతిలో పని ఆపి చూస్తోంది. దేవన్న ఒకసారి లింబాద్రి వైపు చూసి, "నాకు వంకరనే కనవడ్తున్నది" అన్నాడు.

ఎవడో కిసుక్కున నవ్వాడు. లింబాద్రి గెలిచిన వాడిలా నిచ్చెన ఎక్కాడు. నాలుగు మెట్లు ఎక్కి, పై కడ్డీ కోసం తల ఎత్తాడు. ఆకాశం, బిల్డింగు, క్రేను కలిసి బొంగరమయ్యాయి. చేయి జారింది.

వెనక నుంచి ఎవరో నడుము పట్టి నిచ్చెనకు అదిమారు. కళ్ల ముందుకు రసమట్టం వచ్చింది.

"బుడగను సూడు" అంది దేవన్న గొంతు, చెవి దగ్గర. "ఇంక దేన్నీ సూడకు. నిలవడ్డదా? ఇగ నిమ్మళంగ ఒక్కొక్క కాలు దించు."

"క్యా హువా?" అని కింద నుంచి మునవ్వర్ కేక.

"ఏం గాలే! నేనే గుంజిన! వంకరున్నదని చెప్తే ఇనడు!"

మునవ్వర్ నెత్తి కొట్టుకున్నాడు. "దేవన్నా, నీ కళ్లూ పోయినయ్, దిమాక్ కూడా పోయింది. ఇక ఖలాస్. రేపట్నుంచి ఉసికె జల్లెడ పట్టు."

సెలవు రోజు శుక్రవారం దేవన్న లింబాద్రిని సల్మానియా ఆసుపత్రిలో తనకు తెలిసిన డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయాడు. ఆమె లింబాద్రిని పడుకోబెట్టి, తలను బల్ల అంచు నుంచి వాల్చి ఓ పక్కకు తిప్పి పట్టుకుంది. లోకం మళ్లీ గిర్రున తిరిగింది. లింబాద్రి దేవన్న చొక్కా పట్టుకుని తెలిసిన దేవుళ్లందర్నీ పిలిచాడు. తిరగడం ఆగాక ఆమె తలను ఇంకో పక్కకు తిప్పింది, ఒళ్లంతా ఒత్తిగిల్లించి, మెల్లగా లేపి కూర్చోబెట్టింది. హిందీలో ఏదో చెప్పింది.

దేవన్న తెలుగులో అందుకున్నాడు. "సెవుల సున్నం పలుకులసొంటియి ఉంటయట. అవి ఊడి పక్క గొట్టంల వడ్డయట. గిట్ల తిప్పితే మళ్ల జాగకు వోతయట. పానానికేం కాదట. తల గభాల్న ఎత్తద్దు, గభాల్న లేవద్దు. మళ్లొస్తే మళ్లొచ్చి తిప్పిచ్చుకోవాలె. పూర్తిగ తగ్గేదాక నిచ్చెన ముట్టద్దు."

డాక్టరమ్మ దేవన్న చంకలోని బద్దను చూసి నవ్వింది. "ఇది ఇంకా వదల్లేదా? నీకు మళ్లీ వచ్చిందా ఏం?" ఆ మాత్రం హిందీ లింబాద్రికీ వచ్చు.

"నీకు గూడ ఉన్నదా అన్నా?"

"ఏండ్ల సంది. వస్తది, పోతది. పొద్దుగాల రూము తిర్గుతది గదా, బుడగను సూస్త. అది నిలవడ్డదంటే రూము మంచిగున్నట్టు, నాకే తిర్గుతున్నట్టు. తగ్గినంక లేస్త."

లింబాద్రికి బాత్రూం లైనులో ఆయన్ను తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి. "నేన్ మునవ్వర్‌కు చెప్త. నీ కండ్లు మంచిగనే ఉన్నయని చెప్త."

"నోర్ముయ్! చెప్తే నువ్వూ ఇంటికే, నేనూ ఇంటికే. నీ ఇంటికి కప్పన్నా లేకపాయె, వాన పడ్తే ఏడుంటవ్?"

మర్నాడు మునవ్వర్ రసమట్టం తెచ్చి లింబాద్రి చేతిలో పెట్టాడు. "నీ కళ్లు బాగున్నయ్. ఇక కిందే ఉండి నువ్వే చూడు." కింద పని, కాబట్టి లింబాద్రి బతికిపోయాడు. అబద్ధం పట్టుకున్నందుకు బహుమతి, అబద్ధం ఆడినవాడి ఉద్యోగం. ఇంతకన్నా వంకర న్యాయం బహ్రెయిన్‌లో ఉందో లేదో గానీ, ఆ సైటులో మాత్రం లేదు. లింబాద్రి నోరు తెరవబోతే దేవన్న కాలు తొక్కాడు.

ఇసుక కుప్ప నడి ఎండలో ఉంది. దేవన్న తలకు తువ్వాల చుట్టుకుని జల్లెడ పడుతున్నాడు. పట్టుకుంటూనే ప్రతి గోడనూ చూసి "వంకర!" అని అరుస్తున్నాడు. ఎవరూ పట్టించుకోవడం లేదు. లింబాద్రి కాసేపు చూశాడు. తర్వాత పోయి జల్లెడ చట్రం మీద రసమట్టం పెట్టాడు. బుడగ సరిగ్గా నడుమ నిలిచింది.

"వంకర!" అని సైటు దద్దరిల్లేలా అరిచాడు. "మునవ్వర్ భాయ్, ఈడ నేలనే వంకరున్నది. ఆ రేకుల నీడకు జరపాలె!"

"జల్లెడకు కూడా లెవలా? అరే, ఇది అంటుకునే బీమారీనా?" అని గొణుక్కుంటూ మునవ్వర్ జరుపుకోమన్నట్టు చెయ్యి ఊపాడు.

దేవన్న వంగి బుడగను చూశాడు. చాలాసేపు చూశాడు.

"అవ్ లింబాద్రీ, మస్తు వంకరున్నది" అని జల్లెడకు ఓ పక్క చెయ్యి వేశాడు.