కాయలు కొట్టే రాయి

సైలస్ ఆ తీర్పు కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి బియ్యం డబ్బాలో దాచుకున్నాడు. ముప్ఫై ఏళ్ల కిందట ఇరోకెని అనే వాళ్ల నాన్న కోర్టులో గెలిచిన ఫౌబులా నేల: వాగు నుంచి గుట్ట దాకా చేమతోట, కొబ్బరిచెట్లు. ఇల్లంతా దాని మీదే బతుకుతోంది. ఆనాడు ఓడినవాడి కొడుకు ఫిరిసువా అదే నేల మీద మళ్లీ దావా వేశాడు, నేల పేరు మార్చి.

“ఫౌబులా మీదే, ఉంచుకోండి. నేనడిగేది మేనా. అది వేరే నేల,” అన్నాడు.

మా మలైటా దీవిలో భూమి కేసంటే తాతముత్తాతల పేర్లు వరసగా చెప్పాలి, వాళ్ల పుర్రెలున్న చోటు చూపించాలి. ఇరోకెని చూపించింది అబద్ధం. పరాయివాళ్లు అసలు చోటు తొక్కకూడదని, వాగు పక్కన పిల్లలు పప్పు కోసం గట్టి పెంకు నాలి కాయలు పగలగొట్టుకునే రాయి చూపించి, “ఇక్కడ మా తాత అనోఫియు ఉన్నాడు,” అన్నాడు. అనోఫియు అనేవాడు ఎన్నడూ పుట్టలేదు. ఆ మాట తను చచ్చిపోయేముందు కొడుకు సైలస్‌కి ఒక్కడికే చెప్పాడు.

కేసు మళ్లీ మొదలై ఆ అబద్ధం బయటపడితే అసలు చోటు చూపించక తప్పదు. సైలస్‌కి నిద్ర పట్టడం మానేసింది. పగలు తోటలో తవ్వుతున్నా వెనక ఎవరో నిలబడ్డట్టుండేది.

వాయిదా రోజు తీర్పు చెప్పడానికి ముగ్గురు పెద్దలు కూర్చున్నారు.

“ఏరా సైలస్, మీ నాన్న నోరు నీకు రాలేదేం? వక్క ఉమ్మేసి మాట్లాడు!” ఫిరిసువా ఎగతాళి చేశాడు. జనం నవ్వారు.

తర్వాత తన వంశం చెప్పాడు. ఏడో పేరు దగ్గర తల వంచాడు. “మా తాత అనోఫియు... వాగు పక్కన రాతి కింద ఉన్నాడు.”

అది నాన్న కల్పించిన పేరని సైలస్‌కి ఒక్కడికే తెలుసు. ఫిరిసువా వాళ్లు పాత కేసు కాగితాల్లోంచి పేర్లు ఎత్తుకున్నారు, లేనివాడితో సహా.

పెద్దాయన పాత ఫైలు తిప్పి చూశాడు. “ఫౌబులాలోనూ అదే రాయి, మేనాలోనూ అదే రాయి. రెండు నేలలకి ఒకే రాయి ఎట్లా వస్తుందయ్యా? ఇది ఎప్పుడో తేలిపోయిన భూమి. పొండి.”

నేల నిలిచింది.

రెండు నెలలకి ఫిరిసువా కాలు వాచింది. బలివ్వడానికి పందిని తోలుకుని కుంటుతూ సైలస్ దగ్గరికి వచ్చాడు. “బాబూ, తాతకి కోపమొచ్చింది. పేరు పెట్టి నువ్వే పిలవాలి. ఆయన మీవాడని కోర్టే తేల్చింది కదా.”

అక్కడెవరూ లేరంటే తీర్పూ ఉండదు. సైలస్ రాయి ముందు నిలబడి, “అనోఫియూ!” అని పిలిచాడు.

వాగు చప్పుడు ఆగినట్టయింది. ఎవరో తలెత్తి విన్నట్టు.

ఫిరిసువా కాలు తగ్గింది. సైలస్ మాత్రం చచ్చేదాకా ఆ దారిన నడవలేదు. నాలి కాయలు ఇంటికి మోసుకొచ్చి సుత్తితో కొట్టుకునేవాడు. పిల్లలు ఆ రాయి ఎక్కితే దూరం నుంచే కేకేసి దింపేవాడు.