రెండో చరణంలో తప్పు

నా చిన్నప్పుడు మా తాత మగ్గం మీద కూర్చుని పాట ఎత్తుకుంటే, మద్రాసు పోయే బస్సు కూడా మా నగరి వీధి మలుపులో ఆగిపోయేది. ఈ మాట చాలామందికి చెప్పాను. బస్సు ఆగడం నిజమే, టీ కోసం. పాట వినేవాణ్ణి నేనొక్కణ్ణే. అదీ నూలు కండెలు చుట్టమని అవ్వ నన్నక్కడ కూర్చోబెట్టింది కాబట్టి.

తాత నేస్తూనే పాటలు కట్టేవాడు. పెరటాసి నెల శనివారాల్లో ఇంటింటికీ తిరిగి గోవిందుణ్ణి కీర్తించే మా వీధి భజన గుంపు వాటిని పాడాలని ఆయన ఆశ. గుంపుకొక కట్టుబాటు ఉండేది. పాట చివరి చరణంలో కట్టినవాడి పేరు వస్తుంది కదా, బతికున్నవాడి పేరు దేవుడి ముందు ఎత్తరు. పేరు తీసేసి పాడతామంటే తాత ఒప్పుకోలేదు. "నేను పోయినాక పాడతారు లే" అని నవ్వేవాడు.

ఒక ఏడు సరిగ్గా పెరటాసి ముందు ఆయనకు జ్వరం పట్టుకుంది. మందు వద్దన్నాడు, గంజి వద్దన్నాడు, గోడవైపు తిరిగి పడుకున్నాడు. "ఎందుకు మే బలవంతం? నేను పోతేనే కదా నా పాట బయటికొచ్చేది" అన్నాడు అవ్వతో, అదేదో పెళ్లి ముహూర్తమైనట్టు. చూడటానికొచ్చిన కాంపౌండరు, కడుపులోకి ఏమీ పోకపోతే ఇక కష్టమని చెప్పి సైకిలెక్కాడు.

అవ్వ ఏడవలేదు. నన్ను పెరట్లోకి లాక్కెళ్లి తాత పాట ఒకటి పాడించుకుంది. రెండో చరణంలో గొంతు పైకి లేవాల్సిన చోట కిందికి దించమంది. అది తప్పు కదా అంటే చెవి మెలిపెట్టింది. "నేను చెప్పినట్టు పాడు. గుంపుకీ అట్లే నేర్పించు." చివరి చరణం వదిలేసి పాడేటట్టు భజన పెద్దతో ఆమె ముందే మాట్లాడి పెట్టింది.

శనివారం పొద్దున గుంపు నామాలు దిద్దుకుని మా తిన్నె ముందు నిలబడింది. ఆ రోజు నా పాటకు వీధంతా కంటతడి పెట్టిందని మనవళ్లకు చెబుతుంటాను. అబద్ధం. నా గొంతు మేకపిల్లలా వణికితే మద్దెలాయన నవ్వాపుకోలేక తల దించుకున్నాడు.

మొదటి చరణానికి, గుమ్మంలోంచి కనబడే మంచం మీద తాత ఇటు తిరిగి కళ్లు మూసుకున్నాడు. ఇక చాలు అన్నట్టు మొహం తేటపడింది. అది చూసి, గంజి చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ అవ్వ మొహం పాలిపోయింది. రెండో చరణంలో గొంతు దించాను. గుంపంతా దించింది. లోపల ఉలుకూ పలుకూ లేదు. తప్పు పాడి తాతను నేనే చంపేశాననుకున్నాను. అవ్వ మళ్లీ ఎత్తమని సైగ చేసింది. మళ్లీ దించాను.

మంచం కిర్రుమంది.

"ఆపండ్రా. ఎవడ్రా ఆడ దించింది?"

గోడ పట్టుకుని తాత బయటికొచ్చాడు. భజన పెద్ద తాళాలు ఆపి, "నువ్వు పోయినాక మేం ఇట్లనే పాడుకుంటాం మామా. అప్పుడు యాడ్నించి వచ్చి దిద్దతావు?" అన్నాడు.

తాత తిన్నె మీద కూలబడి, సరిగ్గా ఎత్తి చూపించబోయాడు. గాలి తప్ప గొంతు రాలేదు. అవ్వ చెంబు ముందుకు జరిపింది. "గొంతు ల్యాకుండా ఏం నేర్పిస్తావు? తాగు."

తాగాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. పేరు లేకుండానే పాడనిచ్చాడు, పాడిన ప్రతిసారీ తిట్టాడు. ఆయన పోయాక వచ్చిన పెరటాసిలో చివరి చరణం కలిపి, పేరుతో సహా పాడాం. ఆయన కోరుకున్నదే. ఈసారి వీధి నిజంగానే నిండింది, ఒట్టు. రెండో చరణంలో నేను కావాలనే గొంతు దించాను. ఎవరూ ఆపమనలేదు.

నేనిప్పుడు ఆయన వయసు దాటాను. ఎవరి పాట నచ్చినా, నచ్చకపోయినా, వాళ్ల ఎదురుగానే చెబుతాను. తాత పాట ఎత్తుకున్నప్పుడు మాత్రం ఆ చోట గొంతు దించి, ఒక్క క్షణం ఆగి, లోపలి గది వైపు చూస్తాను. ఆ తర్వాతే పైకెత్తుతాను.